బర్రెనిచ్చి తెచ్చిన ఐస్‌క్రీం మిషన్

మొన్న హైదరాబాద్‌లో మిక్సీ కొందామని ఒక పెద్ద షాపుకు పోతే, అక్కడి సేల్స్ అమ్మాయి మిక్సీ సంగతి పక్కనపెట్టి నాకు ఇంకేదో అంటగట్టాలని చూసింది. "మేడం, ఇది ఇంట్లోనే ఐస్‌క్రీం చేసే మిషన్. లోపలే కంప్రెసర్ ఉంటుంది. గిన్నెను ముందురోజే ఫ్రీజర్‌లో పెట్టే పని లేదు. పాలు పోసి బటన్ నొక్కి మీరు హాయిగా టీవీ చూసుకోవచ్చు" అంది. నాకు నవ్వు ఆగలేదు. పాపం, ఆ అమ్మాయి చిన్నబుచ్చుకుంది. "నిన్ను చూసి కాదమ్మా, దీనికోసం బర్రెను ఇచ్చిన మనిషి నాకు తెలుసు, అందుకు" అన్నాను. ఎక్స్ఛేంజ్ ఆఫర్ అనుకుందో ఏమో, మేనేజరును అడిగి వస్తానని వెళ్లింది.

ఆ మనిషి బోధన్‌లో మా ఇంటి ఓనరు. తొంభైల చివర్లో నాకు అక్కడి సర్కారు బడిలో ఉద్యోగం వచ్చింది. నిజామాబాద్ నుంచి రోజూ బస్సులో ఊగలేక వాళ్ల ముందు పోర్షన్ కిరాయికి తీసుకున్నాను. వాడకట్టు మొత్తం ఆయనను బాపు అనీ, ఆయన భార్యను అవ్వ అనీ పిలిచేది. నేనూ అట్లే పిలిచాను. కూతుళ్లు పెళ్లిళ్లై బాల్కొండ దిక్కు వెళ్లిపోయారు. ఇంట్లో ఈ ఇద్దరు, పెరట్లో ఒక బర్రె. ఆయన పోయి ఇప్పటికి చాలా ఏళ్లయింది కానీ, ఎవరైనా గ్లాసులో చక్కెర వేసి గలగల తిప్పితే చాలు, నాకు ఇప్పటికీ ఆయన గొంతే వినబడుతుంది.

బాపు షుగర్ ఫ్యాక్టరీలో పాకం మరిగే పెద్ద పెద్ద ప్యాన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. పాకం పలుకు కట్టే సమయానికి వచ్చిందా లేదా అని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చుక్క వేసుకొని సాగదీసి చూడడం ఆయన కొలువు. కొలువు పోయింది గాని వేళ్లకు ఆ అలవాటు పోలేదు. పప్పుచారు వేళ్ల మధ్య సాగదీసేవాడు. గోడకు వేయించే సున్నాన్ని సాగదీసేవాడు. ఒకసారి పేపర్లు దిద్దుతుంటే నా ఎర్ర ఇంకు పెన్ను లీకైంది. ఆయన వచ్చి బల్ల మీది చుక్కను వేళ్లకద్దుకొని, కళ్లు చిన్నవి చేసి చూసి, "పల్సగున్నది టీచరమ్మా. దీంతోని వేస్తే మార్కులు నిలువయి" అని తీర్పు చెప్పి వెళ్లిపోయాడు.

చక్కెర విషయంలో ఆయనది ఇంకో లోకం. చెంచాతో చక్కెర వేసేవాళ్లంటే ఆయనకు లోకువ. పిడికిలితో తీయాలి, గలగలమని పోయాలి. గ్లాసు అడుగున కరగని చక్కెర కనబడకపోతే దాన్ని చాయ్ అని ఒప్పుకునేవాడు కాదు. నేను ఆ ఇంట్లో దిగిన రోజు చాయ్ ఇచ్చి, నా ముఖం చూసి, "తియ్యగున్నదా? ఉండాలె మరి. మనం బోధనోళ్లం. చక్కెరకాడ చెయ్యి ముడుస్తే ఊరి పరువు పోతది" అన్నాడు. ఎవరింట్లోనైనా చక్కెర తక్కువైన చాయ్ ఇస్తే కప్పును రెండు చేతులతో పట్టుకొని, లోపల ఎవరో పడిపోయినట్టు తొంగిచూసేవాడు. ఆ ఇల్లాలు సిగ్గుపడి డబ్బా తెచ్చేదాకా కప్పు దించేవాడు కాదు.

ఇక మిషన్ సంగతి. నందిపేట్‌లో ఒక ఫంక్షన్‌కు వెళ్లినప్పుడు, దుబాయి నుంచి తిరిగొచ్చిన ఆ ఊరి మనిషి బాపుకు ఇంట్లో చేసిన ఐస్‌క్రీం పెట్టాడట. నిజామాబాద్‌లో ఐస్‌క్రీం పార్లర్ పెడదామని ఆ మిషన్ తెచ్చుకున్నాడు ఆయన. తీరా చూస్తే ఒక్కసారి తిప్పితే ఒక ఇంటికి సరిపడా వస్తుంది, అంతే. పార్లర్ ఆలోచన అటకెక్కింది. ఆయన ఇప్పుడు మంచి పాడి బర్రె కోసం చూస్తున్నాడు. బాపు దగ్గర మంచి పాడి బర్రె ఉంది. అవ్వ అప్పుడు కూతురింటికి బాల్కొండ పోయి ఉంది. నాలాంటి కిరాయిదారు అడ్డం చెప్పేది ఏముంటుంది? బర్రె అటు పోయింది, మిషన్ ఇటు వచ్చింది.

అవ్వ ఊరి నుంచి వచ్చి, సంచి దించకుండా నేరుగా పెరట్లోకి పోయింది. ఆమె ఎప్పుడూ అంతే, మొగుణ్ణి తర్వాత చూసేది. ఖాళీ గుంజ చూసి లోపలికి వచ్చింది. నడి ఇంట్లో స్టూలు మీద తెల్లటి పెట్టె.

"బర్రె ఏది?" అంది.

"గిదే" అన్నాడు బాపు, పెట్టె మీద చెయ్యేసి.

నేను నా పోర్షన్ గుమ్మంలో నిలబడి ఉన్నాను. నవ్వితే నా కిరాయి ఇల్లు పోతుందని నోట్లో కొంగు కుక్కుకున్నాను. బాపు మాత్రం మంచి ఊపు మీద ఉన్నాడు. "పెండ తియ్యాల్నా? వద్దు. గడ్డి కోసుకరావాల్నా? వద్దు. పొద్దుగాల లేవాల్నా? వద్దు. మీట వత్తు, ఐస్‌క్రీం తిను. కంప్రెసర్ దాని కడుపులనే ఉన్నది. గింత సుఖం బర్రె ఇస్తదా?"

అవ్వ పెట్టెను పైనుంచి కిందిదాకా చూసింది. "గీ పెట్టెలకెల్లి ఐస్‌క్రీం గడ్డకట్టి రావాలె. అండ్ల చెంచా గుచ్చితే నిలవడాలె. గప్పుడు నీతోని మాట్లాడుత. గప్పటిదాక నా నోట్లకెల్లి నీకు ఒక్క మాట రాదు" అంది. అని వంటింట్లోకి పోయింది. బాపు నా దిక్కు తిరిగి కన్నుగొట్టాడు. "ఎంతసేపు టీచరమ్మా, పొద్దుమూకేటాల్లకు మాట్లాడుతది" అన్నాడు.

ఎన్ని పొద్దులు మూకి చీకట్లు పడ్డాయో నేను లెక్కపెట్టలేదు గాని, ఆమె మాట్లాడలేదు.

మొదటి తప్పు ప్రయాణంలోనే జరిగింది. మిషన్‌ను ట్రాక్టర్ ట్రాలీలో అడ్డంగా పడుకోబెట్టి తెచ్చారు. దానితో వచ్చిన పుస్తకం నాకిచ్చి చదవమన్నాడు బాపు. ఒక పక్క ఇటలీ భాష, ఒక పక్క ఇంగ్లీషు. కంప్రెసర్ ఉన్నదాన్ని పడుకోబెట్టవద్దు, పడుకోబెడితే మళ్లీ నిలబెట్టి, కదపకుండా బాగా ఆగినాకే కరెంటు పెట్టాలి అని ఉంది. చెప్పాను. బాపుకు మిషన్ మీద జాలి కలిగింది. "తల తిరిగిందేమో దానికి" అని తలుపులు మెల్లగా వేయమన్నాడు. మిషన్ నిద్రపోతున్నదని పక్కింటివాళ్లను రేడియో తగ్గించమన్నాడు. కూతుళ్లు పురిటికి వచ్చినప్పుడు కూడా ఇంత మర్యాద చేయలేదని అవ్వ గోడకు చెప్పింది.

పుస్తకంలో చక్కెర కొలత కూడా ఉంది. పాలకు ఇంత, మీగడకు ఇంత అని చదువుతూ, "చక్కెర ఒక చిన్న కప్పు" అన్నాను. బాపు నవ్వాడు. కడుపు పట్టుకొని నవ్వాడు. "చిన్న కప్పా? ఇటలీల చెరుకు పండదా టీచరమ్మా? పాపం, గరీబోళ్లు. ఏం జేస్తరు?" అని పిడికిలి డబ్బాలో ముంచాడు. ఒకటి, ఇంకొకటి, ఆ తర్వాత ఊరి పరువు కోసం ఒకటి.

పాలు క్యాంపు నుంచి వచ్చేవి. కాలువ కింద భూములు కొనుక్కొని కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల ఊళ్లను బోధన్ చుట్టూ క్యాంపులనే అంటారు. అక్కడి నుంచి పాలు పోసే పెద్దాయన మొదటి రోజే క్యాను దించి, "ఏవండీ, గేదెనిచ్చేసి పాలు కొనుక్కుంటున్నారా మీరు?" అని అడిగాడు. ఆయన వెటకారానికి అడిగాడో, నిజంగా తెలియక అడిగాడో అర్థం కాదు, గొంతు అంత మర్యాదగా ఉంటుంది. బాపు మాత్రం, "నువ్వు పాలు పోసి నడువన్నా. లెక్చర్ వద్దు" అన్నాడు.

ఒక ఆదివారం మిషన్ తిరిగింది. గంటసేపు తిరిగింది. ఇల్లంతా బుర్రుమని సప్పుడు. బాపు దాని ముందు కుర్చీ వేసుకొని, ఫ్యాక్టరీలో ప్యాన్ ముందు కూర్చున్నంత నిష్ఠగా కూర్చున్నాడు. మూత తీస్తే లోపల చల్లటి తియ్యటి పాలు. చిక్కగా, ఘుమఘుమలాడుతూ, గరిటెతో పోస్తే ధారగా కారుతూ. బాపు వేళ్ల మధ్య సాగదీసి చూసి, "పాకం వచ్చినట్టే ఉన్నది. మిషనే కొత్తది, దానికింకా చెయ్యి తిరగలె" అన్నాడు.

తర్వాత ఆదివారం వోల్టేజీ మీదికి పోయింది నేరం. టీవీ కింది స్టెబిలైజర్ తీసి మిషన్‌కు పెట్టాడు. అవ్వకు సీరియల్ పోయింది. ఆ పై ఆదివారం పాల మీదికి పోయింది. క్యాంపు పెద్దాయన నొచ్చుకొని, "మా పాలు తోడేస్తే కత్తితో కొయ్యాలండీ. మీ మిషన్ సంగతేంటో చూస్కోండి" అన్నాడు. ఆ పైన దిష్టి మీదికి పోయింది. మిషన్‌కు నిమ్మకాయ కట్టాడు. ప్రతి ఆదివారం వాడకట్టులోని వాళ్లు గిన్నెలు పట్టుకొని రావడం, గిన్నెలు పక్కనపెట్టి గ్లాసులు అడగడం మామూలైంది. వద్దనేవాళ్లు ఎవరూ లేరు, ఎండాకాలం మరి, రుచిగానే ఉండేది. "ఎక్కడికెల్లి వస్తున్నవే?" అంటే, "బాపు ఇంట్ల ఐస్‌క్రీం తాగొస్తున్న" అనుకునేవాళ్లు. ఆ తాగడం అనే మాట గేటు దగ్గర వినబడినప్పుడల్లా బాపు ముఖం మాడిపోయేది.

అవ్వ మాట మీద నిలబడింది. అయితే ఒకే ఇంట్లో ఉంటూ అసలు మాటలేకుండా ఎట్లా? ఆమె మిషన్‌తో మాట్లాడడం మొదలుపెట్టింది. దాన్ని సవతి లెక్కన చూసేది.

"ఏమమ్మా మిషినూ, మీ ఆయన తానం జేసిండా? బువ్వ సల్లారుతున్నది, జర జెప్పు."

"వస్తున్ననే" అనేవాడు బాపు.

ఆమెకు వినబడదు. మిషన్ వైపే చూస్తూ నిలబడుతుంది. చివరికి బాపు తల గోక్కొని, "వస్తున్నడట, మిషన్ చెప్తున్నది" అంటే అప్పుడు వంటింట్లోకి కదిలేది. ఇంకో రోజు, "ఓ మిషినూ, ఇంట్ల ఉప్పు లేదు. నువ్వు పోయి తెస్తవా, మీ ఆయననే తోలుతవా?" నేను పక్క గదిలో పేపర్లు దిద్దుతూ, నవ్వు వచ్చి పిల్లలకు తప్పుడు జవాబులకు కూడా మార్కులు వేసేశాను. వాళ్లు ఆ ఏడు సోషల్‌లో బాగానే గట్టెక్కారు.

అసలు కిటుకు ఒక మధ్యాహ్నం బయటపడింది. మిషన్ గిన్నె జిగటగా అయిందని బాపు అందులో మంచినీళ్లు పోసి, కడుగుదామని తిప్పుతూ పెట్టి, గేటు దగ్గర ఎవరో పిలిస్తే పోయి ముచ్చట్లలో పడ్డాడు. లోపల కీచుమని సప్పుడు. నేను పరుగెత్తి మూత తీసి చూస్తే, నీళ్లు గడ్డకట్టి తిప్పే రెక్కను కరిచి పట్టుకున్నాయి. మిషన్ బ్రహ్మాండంగా ఉంది. కంప్రెసర్‌కు ఏ రోగమూ లేదు. బాపును పిలిచి చూపించాను.

"బాపూ, నీళ్లు గడ్డకట్టినప్పుడు పాలు ఎందుకు గడ్డకట్టవు? చక్కెర ఎక్కువైతున్నదేమో. తీపి మరీ ఎక్కువైతే గడ్డకట్టదని పుస్తకంలో కూడా ఉంది" అన్నాను.

బాపు ప్లగ్గు పీకి నా దిక్కు తిరిగాడు. "టీచరమ్మా, బడిల నువ్వు ఏం జెప్తవ్?"

"సోషల్."

"మంచిది. గదే జెప్పు. చక్కెర గురించి నాకు జెప్పకు."

ఆ రోజు నుంచి నాతోనూ మాటలు బంద్. ఆ ఇంట్లో ఇప్పుడు అవ్వ బాపుతో మాట్లాడదు, బాపు నాతో మాట్లాడడు. మిషన్ ఒక్కదానికే అందరితో సత్సంబంధాలు.

అట్లా ఉండగా ఒకనాడు పొద్దున్నే అవ్వ మంచి చీర కట్టుకొని, సంచి భుజానికేసుకొని వచ్చి స్టూలు ముందు నిలబడింది. "మిషినూ, నేను నందిపేట పోతున్న. మా బిడ్డను సూసి, ఒకటి రెండు దినాలు ఉండొస్త. మీ ఆయనకు కూర వండిపెట్టిన. రేపటికెల్లి నువ్వే వండు" అంది. బిడ్డంటే బర్రె. బర్రెను చూడడానికి చుట్టంలాగా పోతున్నది. బాపు ఆపుదామని నోరు తెరిచాడు గాని ఆమె గేటు దాటిపోయింది.

ఆ మర్నాడు సాయంత్రం బాపు రెండు గ్లాసుల చాయ్ పట్టుకొని నా వరండాలోకి వచ్చాడు. ఒకటి నా ముందు పెట్టాడు. అంటే నాతో మాటలు మొదలైనట్టు. ఫ్యాక్టరీ దిక్కు చూస్తూ కూర్చున్నాడు.

"ఇంట్ల ఉండబుద్ధి అయితలేదు టీచరమ్మా" అన్నాడు చివరికి.

"వస్తుంది లే బాపూ, రేపో ఎల్లుండో."

"వస్తది. వచ్చి మిషన్‌తోని మాట్లాడుతది." గ్లాసు కింద పెట్టాడు. "లగ్గమైనకాడికెల్లి నన్ను తిట్టని రోజు లేదు. డ్యూటీ జేసి వస్తే గుమ్మంలనే షురూ జేస్తుండె. ఆలస్యమెందుకైంది, చెప్పులు గక్కడెందుకిడిసినవ్, అంగికి గా మసేంది అని. నేను గా తిట్లు ఇనుకుంటనే బువ్వ తింటుంటి. ఇప్పుడు ఇల్లు సల్లగున్నది, కూర మంచిగున్నది, బువ్వ దిగుతలేదు."

అప్పటిదాకా ఆ ఇల్లు నాకు రోజూ ఉచితంగా దొరికే తమాషా. ఆ సాయంత్రం మాత్రం ఆయన మీద నిజంగా జాలేసింది. అరటితొక్కలాగా వాడిపోయి ఉన్నాడు మనిషి.

"నిజంగ చక్కెరనేనంటవా?" అన్నాడు, నా దిక్కు చూడకుండా.

"చక్కెరనే బాపూ."

"జిందగీ అంత దాన్నే నమ్ముకొని బతికిన" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. ఎవరో దగ్గరి చుట్టం మోసం చేశాడని తెలిసినవాడి గొంతు.

అవ్వ తిరిగొచ్చింది. చేతిలో స్టీలు క్యాను. అక్కడే కాగబెట్టి, చల్లార్చి తెచ్చిన పాలు. క్యానును స్టూలు పక్కన పెట్టి, "మిషినూ, ఇవి మా బిడ్డ పాలు. నన్ను సూడంగనే గుర్తువట్టింది, చెయ్యంత నాకింది. మీ ఆయన ఎట్లున్నడని మాత్రం అడగలె" అని చెప్పి వంటింట్లోకి పోయింది. ఎందుకు తెచ్చిందో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేదు, మిషన్ పక్కన పెట్టిన పాలు చాయ్‌కి కాదు కదా.

బాపు క్యాను మూత తీసి వాసన చూశాడు. పాలు గిన్నెలో పోశాడు. చక్కెర డబ్బా తెచ్చి పక్కన పెట్టుకున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను, ఈసారి నోరెత్తకూడదని నిశ్చయించుకొని. పిడికిలి డబ్బాలో ముంచాడు. నిండా తీశాడు. పాల మీదికి తెచ్చాడు. అక్కడ చెయ్యి ఆగింది. వంటింటి దిక్కు ఒకసారి చూశాడు. తర్వాత ఆ పిడికిలిని వెనక్కి తీసుకుపోయి, సగం చక్కెర మళ్లీ డబ్బాలో పోశాడు. ఆయన చక్కెరను డబ్బాలోకి తిరిగి పోయడం నేను చూసింది అదొక్కసారే. మిగిలింది పాలలో వేసి, రెండో పిడికిలి తీయకుండా డబ్బా మూత బిగించి, దాన్ని దూరంగా జరిపాడు.

ఆ రోజు కరెంటు కూడా దయచూపింది. మిషన్ తిరుగుతూ తిరుగుతూ కొంతసేపటికి గొంతు మార్చింది. బుర్రుమనేది గుర్రుమంది. మెల్లగా, బరువుగా, బురదలో బండి లాగుతున్నట్టు తిరిగి, దానంతటదే ఆగిపోయింది. బాపు మూత తీశాడు. చెంచా గుచ్చాడు. చెయ్యి తీశాడు. చెంచా అట్లే నిలబడింది.

అరుస్తాడనుకున్నాను. వాడకట్టంతా పిలుస్తాడనుకున్నాను. ఏమీ చేయలేదు. గిన్నెను అట్లే ఎత్తుకొని, చెంచా పడకుండా రెండు చేతులా పట్టుకొని, వంటింట్లోకి పోయి అవ్వ ముందు పెట్టాడు. ఆమె కూరగాయలు తరుగుతున్నది. కత్తిపీట పక్కకు జరిపింది. నిలబడ్డ చెంచాను వేలితో ఒకసారి అటూ ఇటూ ఆడించి చూసింది, పడిపోతుందేమోనని. పడలేదు. తీసి నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకొని చప్పరించింది.

అవ్వ కళ్లు తెరిచి, స్టూలు దిక్కు కాకుండా, నేరుగా మొగుడి ముఖంలోకి చూసింది.

"చక్కెర తక్కువైంది" అంది.

అదే మాట ఇంకెవరన్నా ఆయన ఇంట్లో నిలబడి అని ఉంటే, ఆ మనిషి మళ్లీ ఆ గేటు తొక్కేవాడు కాదు. బాపు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమన్నవే?" అన్నాడు. "ఇంకొక్కసారి అను."

"ఏం, చెవుడొచ్చిందా? చక్కెర తక్కువైంది అంటున్న. లంకంత బర్రెను తీస్కపోయి ఎవనికో ఇచ్చి, ఎండాకాలమంత నా సీరియల్ బంద్ వెట్టి, నిమ్మకాయలు గట్టి, వాడకట్టంత నవ్వంగ, ఆఖరికి చేసినవు చేసినవు, చక్కెరన్న సక్కగ ఎయ్యరాదా? గా అంగేంది, ఉతికి ఎన్ని దినాలైంది? గడ్డమేంది గట్ల? మనిషేనా..."

ఆమె ఆపలేదు. బాపు నేల మీద ఆమె ఎదురుగా బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. గిన్నెను ఒళ్లోకి లాక్కొని, ఆ తిట్లు వింటూ, తీపి చాలని ఆ ఐస్‌క్రీంను చెంచా చెంచా తింటూ పోయాడు.